సారమ్మ పిడికెడు బియ్యం

ప్రియమైన తమ్ముడు దేవదానానికి,

దేవుని కాపుదలలో కువైట్‌లో ఉన్న మీ పెద్దక్క రాహేలు దీవించి రాసేది. నువ్వు, మేరీ, పిల్లలు సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ మోకాలి నొప్పి ఎట్లుంది? నేను బాగున్నాను. దిగులు పడొద్దు.

ఇక్కడ ఎండ తగ్గింది, దుమ్ము తగ్గలేదు. కలమల్ల కరెంటు ప్లాంటు నుంచి బూడిద కొట్టుకుని వచ్చిన రోజు నీ చొక్కా ఎట్లుండేదో, ఉదయానికి కిటికీలు అట్లుంటాయి. పని బరువు కాదు. ఒక ముసలామెను చూసుకోవాలి, ఆమెకు వండాలి. తిండికి లోటు లేదు. ఇంట్లో మన మాట మాట్లాడేందుకే మనిషి లేదు.

ఈ సంగతి ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను. నిదానంగా చదువు.

ముసలామెకు చూపు సరిగా లేదు. వచ్చిన రోజు నుంచి నన్ను "సారా" అని పిలుస్తుంది. పాత పనిమనిషి పేరుతోనే కొత్తామెను పిలవడం ఇక్కడ మామూలేనని ఇంట్లోవాళ్లంటే సరే అనుకున్నాను. ఒకరోజు తల దువ్వుతుంటే నా రొమ్ము మీద చెయ్యి పెట్టి, "సారా, నొప్పి తగ్గిందా?" అంది. నాకు ఏ నొప్పీ లేదు. ఆ చెయ్యి చాలాసేపు తీయలేదు.

పోయిన వారం వంటింటి పై అరలో, వెనకాల, పాలపొడి డబ్బా ఒకటి దొరికింది. మూతికి గుడ్డ కట్టి ఉంది. విప్పితే నిండా బియ్యం. అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేసేది గదా. ఆదివారం అది చర్చికి పోయేది. నువ్వు అందులోంచి గింజలు తీసి నమిలి తన్నులు కూడా తిన్నావు. ఈ వంటింట్లో అట్లా పిడికెడు తీసి పెట్టింది మన మనిషే అయ్యుండాలి.

ఈ ఇంటి డ్రైవరు మస్తాన్‌ను అడిగాను. మన ప్రొద్దుటూరు వాడే. డబ్బా చూడగానే తల దించుకున్నాడు.

"సారమ్మక్కదే. సింహాద్రిపురం ఆమె."

"యాడుండాది ఇప్పుడు?"

"లేదక్కా. రెండేండ్లు దాటింది. గుండెనొప్పి వస్తే ఆస్పత్రికి తీస్కపోయినా. రెండోనాడే పాయ. పాస్‌పోర్టు ముందు పని చేసిన ఇంట్లోనే వదిలేసి వచ్చినాది, కాగితాలు లేవు. ఈడనే మట్టి చేసినారు. మనోళ్లం ముగ్గురం ఉంటిమి. మీ ప్రార్థన నాకు రాదు, నాకొచ్చిన దువా చదివినా."

"ఇంటికి చెప్పలేదా అప్పా?"

"లీవుకొచ్చినప్పుడు సింహాద్రిపురం బస్టాండు దాకా పోయినా. టీ అంగట్లో అడిగితే, 'ఆ సారమ్మనా? యాడనో ఎవనితోనో కులుకుతాందంట, నువ్వేనా ఏంది వాడు?' అని నవ్విరి. భయమాయ. వచ్చిన బస్సే ఎక్కినా."

నేను ఆ డబ్బా పట్టుకుని కూర్చుండిపోయాను. ఎందుకో చెప్తాను.

పోయినేడు పులివెందులలో స్త్రీల కూడిక జరిగింది. ప్రార్థన నడిపించింది నేనే. సింహాద్రిపురం నుంచి వచ్చిన మార్తమ్మ అని ఒకామె లేచి, "మా యక్క సారమ్మ కువైట్‌లో ఉండాది. ఏడాది దాటె, ఫోన్ లేదు. ప్రార్థన చేయండమ్మా" అంది. పక్కనామె నా చెవిలో, "ఎవనితోనో ఉండాదంటలే" అంది. నేను నమ్మాను. అందరి ముందు కండ్లు మూసుకుని, సారమ్మ తన పాపం ఒప్పుకుని వదిలేసేలా మారుమనస్సు ఇవ్వమని గట్టిగా ప్రార్థించాను. అందరూ ఆమెన్ అన్నారు. మార్తమ్మ అనలేదు. కొంగు కప్పుకుని బయటికి పోయింది. తర్వాత ఆమెను ఏ కూడికలోనూ చూడలేదు.

అప్పటికే సారమ్మ మట్టిలో ఉంది. ఆమె వండిన పొయ్యి మీదే ఇప్పుడు నేను వండుతున్నాను, ఆమె పడుకున్న మంచం మీదే పడుకుంటున్నాను.

ఆ బియ్యం పురుగు ఏరి, మిద్దె మీద ఎండబోసి, మళ్లీ గుడ్డ కట్టాను. మస్తాన్ లీవుకు వస్తున్నాడు. డబ్బా, ఈ ఉత్తరం తెస్తాడు. అతన్ని వెంటబెట్టుకుని సింహాద్రిపురం పోయి మార్తమ్మ ఇల్లు కనుక్కో. ఒంటరిగా పంపొద్దు, మళ్లీ బస్టాండు నుంచే తిరుక్కుంటాడు. మేరీని కూడా తీసుకుపో, ఆడమనిషి ఉండాలి. అక్క పోయిందని, ఏ మగవానితోనూ లేదని, ఈ ఇంట్లోనే పని చేస్తూ పోయిందని చెప్పండి. సమాధి ఎక్కడో మస్తాన్ చెప్తాడు. డబ్బా ఆమె చేతికే ఇవ్వండి. ఆ బియ్యం సారమ్మ పేరు చెప్పి చర్చిలో అర్పించమనండి. ఆ రోజు ప్రార్థన చేసింది మా అక్కే అని కూడా చెప్పు, దాచొద్దు. ఆమె తిడితే తలవంచి విను.

వీలైతే మస్తాన్ తిరిగి వచ్చేటప్పుడు శనగ్గింజల పొడి కొంచెం పంపు. జమ్మలమడుగు అత్తమ్మకు నా వందనాలు చెప్పి, నా కోసం ఆమె దీవెన అడుగు. పిల్లలకు ముద్దులు.

మన చర్చిలో పోయినవాళ్ల కోసం ప్రార్థన చేయం. కాబట్టి మీ కుటుంబ ప్రార్థనలో నా కోసం చెయ్యండి. ఆ రోజు నేను సారమ్మకు అడిగిందే నాకు అడగండి.

ముసలామె పిలుస్తోంది, "సారా" అని. మొదట్లో కాదు, నా పేరు రాహేలు అనేదాన్ని. ఇప్పుడు అనడం లేదు. లేచి పోతున్నాను.

నీ మేలు కోరే
పెద్దక్క రాహేలు