పాట నాది, వేలు దానిది

మేనేజరు బాబుగారికి, మీ కుట్టుగదిలో దారాలు కత్తిరించే ముసలమ్మ చెప్పి రాయిస్తున్నది.

నాకు చదువు రాదు. రాస్తున్నది నిన్న మీరు పనిలోంచి తీసేసిన బొత్తాలు కుట్టే పిల్లే. నేననే గట్టి మాటలకు దాని కలం కదలడం లేదు. అవి కూడా ఉన్నాయనుకునే చదవండి.

భోజనాలయ్యాక రోజుకొకరం ఈమధ్య వింటున్న పాట అందరికీ వినిపిస్తాం. నిన్న వంతు నాది. ఫోను నొక్కడం రాక ఈ పిల్లను నొక్కమన్నాను. "పని గంట కొట్టేశారు పెద్దమ్మా, రేపు విందాం" అని మొత్తుకుంది. "రేపటికి నేనుంటానో లేదో, నొక్కవే" అని కసిరాను. పాట నాది, వేలు మాత్రమే దానిది.

మీరొచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. నేను చూస్తూనే ఉన్నాను. పల్లవికి తల ఊపారు, చివరి చరణం దాకా కదల్లేదు. పాట ఆగాకే మీకు కోపం గుర్తొచ్చింది. ఒంటిచేత్తో బిడ్డను సాకే మనిషిని బయటికి పొమ్మన్నారు.

అంత తప్పయితే మొదట్లోనే ఎందుకు అరవలేదు బాబూ? వినిపించినందుకు దాని పని పోతే, విన్నందుకు మీకేం పోవాలి?

రేపు పొద్దున అది తన బల్ల దగ్గరే కూర్చుంటుంది. పక్కనే నేనుంటాను. లేపాలనుకుంటే ముందు నన్ను లేపండి.