అప్పీలు తేలేదాకా

గ్రిమ్స్‌బీ,
నవంబర్ 9

గ్లెండా గారికి,

మీరూ మీ ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను తింటున్నాను, నిద్రపోతున్నాను. అంతకుమించి రాయడానికేం లేదు.

లొరేన్ అంత్యక్రియల రోజు చర్చికి ఎదురుగా, రోడ్డు అవతల మీ ఎర్ర కోటు చూశాను. లోపలికి వస్తారనుకున్నాను. ఎందుకు రాలేదో తెలుసు కాబట్టే ఈ ఉత్తరం.

మొన్న మంగళవారం ఉద్యోగ వివాదాల ట్రిబ్యునల్‌లో విషయం తేలిపోయింది. తను పోయాక భర్తగా కేసు నేనే నడిపాను. జబ్బుమనిషి కాబట్టే తీసేశారు, అది అన్యాయం అన్న ఒక్క మాట ఎవరైనా అధికారి నోట రావాలని తన కోరిక. ఆ మాటదాకా ఎవరూ వెళ్ళనే లేదు.

మీ కళ్ళముందు జరిగిందే. క్యాన్సర్ మందులకు వేళ్ళు మొద్దుబారి, ఫ్యాక్టరీలో చేపలు కోసే లైను మీద తను వెనకబడింది. కూర్చుని చేసే పని అడిగితే సూపర్‌వైజరు నవ్వి, ఇదేమన్నా అల్లికల క్లబ్బా లొరేన్, చేపలు నీకోసం ఆగుతాయా, అన్నాడట. నెల తిరక్కుండా తీసేశారు.

ఆ సాయంత్రం మీరు మా వంటగదిలో టీ కలుపుతూ, ముందు కంపెనీకి అప్పీలు పెట్టు తల్లీ, వాళ్ళ జవాబు రానీ, ఈలోగా ట్రిబ్యునల్‌కెక్కితే గొడవమనిషివి అంటారు, అన్నారు. యూనియన్ ప్రతినిధిగా మీరు చెప్పిన మాట. పైగా తనకు నచ్చే మాట. హోటల్లో చల్లారిన చిప్స్ పెట్టినా, చాలా బాగున్నాయండీ అని చెప్పి వచ్చే మనిషి కదా.

మర్యాదగా ఎదురుచూశాం. మేనేజరు సెలవులో ఉన్నాడన్నారు. తర్వాత కాగితాలు అందలేదన్నారు. చివరికి అప్పీలు కొట్టేశారు. అప్పటికి ట్రిబ్యునల్‌కెక్కే గడువు దాటిపోయింది. ఉద్యోగం పోయిన రోజు నుంచి మూడు నెలలు, అందులోనూ ఒక రోజు తక్కువ. కంపెనీ అప్పీలు కోసం అది ఆగదట.

జడ్జి నెమ్మదైన మనిషి. అన్యాయంగా తీసేశారన్న దావా గడువులోగా వేయడం మీకు అసాధ్యమేమీ కాదు అని ముందే కొట్టేశారు. జబ్బు వల్ల వివక్ష చూపారన్న దానికి మాత్రం, న్యాయమనిపిస్తే గడువు పెంచే వీలుంది, ఎందుకు ఆలస్యమైందో చెప్పండి, అన్నారు. మేమే ఆగాం అన్నాను. ఎవరైనా ఆగమన్నారా అని మళ్ళీ అడిగారు. ఎవరూ అనలేదన్నాను. భోజనాల తర్వాత దాన్నీ కొట్టేశారు. కంపెనీ లాయరు నాకోసం తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నేను థాంక్స్ చెప్పాను.

క్యాంటీన్ కొక్కేనికి లొరేన్ కప్పు వేలాడుతూ ఉంటుంది. నీలం చారలది. ఎవరైనా వాడేలోగా తెచ్చివ్వగలరా?

ఇట్లు,
క్లైవ్

తా.క. ఆఖరి వారంలో లొరేన్ నా చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది. ట్రిబ్యునల్‌లో గ్లెండా పేరు ఎత్తకు క్లైవ్, దానికి తెలిసింది అది చెప్పింది, అదింకా ఆ లైను మీదే బతకాలి, అంది. ఆగమన్నది యూనియన్ మనిషేనని చెప్పి ఉంటే ఆ రెండో దావా నిలిచేదేమోనని మా లాయరు తర్వాత అన్నాడు. లొరేన్ మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. నాకు అలా ఉండటం చేతకావడం లేదు. కప్పు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళండి. తలుపు కొట్టకండి.