నేను తారుమారుగా బిగించిన రెండు పైపులు

అరవై మూడేళ్ల వయసువాడిని, తవ్వకం బండి సొంతదారుని, ఎడమ చేతికి బొటనవేలూ చిటికెన వేలూ మాత్రమే మిగిలినవాడిని. నా ఇంటి ముందు గదిలో, పట్టపగలు, తలుపులు బార్లా తెరిచి పెట్టుకుని రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఇవాళ్టి నుంచి చెల్లదు. అది బీరువా పై అరలో ఉంది. దాన్ని చింపెయ్యమని నా కూతురికి చెప్పాను.

నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఉదయం డాక్టరు వచ్చి నాడి పట్టుకుని, ఇవాళ ఏ వారమో, ఇరవైలోంచి మూడు తీస్తే ఎంతో అడిగి, తెలివి సక్రమంగా ఉందని కాగితం రాసిచ్చాడు. తెలివి సక్రమంగానే ఉంది. తొమ్మిది రోజులుగా ముద్ద దిగకపోవడం, మాట్లాడుతూ మధ్యలో ఆగిపోవడం వేరే సంగతి. దాని కారణం ఒకటో అంశంలో ఉంది.

1. ఇది ఆస్తి కాదు. దస్తావేజులు రాసే ఆయన, "ముందు ఆస్తులు రాద్దామండీ, సొంత విషయాలు చివర్లో చూద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

నా దగ్గరున్నది చిన్నరకం బండి. వెనక తవ్వే చెయ్యి, ముందు బకెట్. ఆ ముందు బకెట్ మామూలుది కాదు, అడ్డంగా రెండు ముక్కలు. వెనక ముక్క కదలదు. ముందు ముక్క దవడలాగా పైకి తెరుచుకుంటుంది. ఆ దవడకు సీటు పక్కన ఒక మీట, ఆ మీట నుంచి రెండు నూనె పైపులు. మీటను ముందుకు నెడితే దవడ తెరుచుకోవాలి, వెనక్కి లాగితే మూసుకోవాలి. తయారైన రోజు అలాగే ఉంది.

ఆ బండిని ఆరేళ్లు నడిపినవాడు నా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు. నేను బండి ముందు నిలబడి సైగలు చేసేవాణ్ణి. సీట్లో కూర్చున్నది తక్కువ. దవడ మీట పట్టుకున్నది ఇంకా తక్కువ.

పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం ఆ రెండు పైపులూ చెమర్చి నూనె కారసాగాయి. బండ్లు బాగుచేసే గ్రీజు మేస్త్రికి ఫోన్ చేశాను. "రేపు పొద్దున్నే వస్తాను సార్, అంతదాకా పైపులు ముట్టుకోకండి" అన్నాడు. ముట్టుకున్నాను. రెండు పైపుల కొసలూ ఒకేలా ఉంటాయి. గుర్తు పెట్టుకోకుండా రెండూ ఒకేసారి విప్పాను. కొత్తవి బిగించి, మీటను అటూ ఇటూ ఆడించి, నూనె కారుతోందా లేదా అని మాత్రం చూశాను. కారలేదు. ఎటు నెడితే దవడ ఎటు కదిలిందో చూడలేదు. దవడను జానెడు తెరిచి ఉంచి ఇంట్లోకి వెళ్లిపోయాను.

మర్నాడు ఒక పాత గోడ కూల్చిన చోట పని. బకెట్‌తో శిథిలాలు తోస్తుంటే ఆ జానెడు సందులో ఒక రాయి ఇరుక్కుంది. ఇంజను ఆపమనకుండానే నేను చెయ్యి పెట్టి రాయిని పట్టుకుని, "తెరువు" అని అరిచాను. ఆ పొద్దున బావమరిది దవడ మీట ముట్టుకోవడం అదే మొదటిసారి. ముందుకు నెట్టాడు. దవడ మూసుకుంది. మూడు వేళ్లు పోయాయి.

ఆసుపత్రి వరండాలో అతను ఒకటే మాట అన్నాడు. "ముందుకే నెట్టాను బావా. నిన్ను చూస్తూనే ముందుకే నెట్టాను." నర్సుతో అన్నాడు, నా భార్యతో అన్నాడు, చివరికి కాపలా మనిషితో కూడా అన్నాడు.

ఆరు వారాల తర్వాత ఇంటికి వచ్చి, ప్రమాదం తర్వాత మొదటిసారి నేనే సీట్లో కూర్చుని ఆ మీటను ముందుకు నెట్టాను. దవడ మూసుకుంది. ఈ బండి తీరే అంత అనుకున్నాను. అంటే అతను మూసే వైపే నెట్టానని తన నోటితోనే ఒప్పుకున్నాడన్నమాట. నాకు అలా అర్థమైంది. అదే నెలలో బండికి కొత్త రంగు వేయించాను. మీట పక్కన ఏ వైపు ఏమిటో చూపించే బొమ్మల చీటీ ఆ రంగు కింద మరుగున పడిపోయింది.

ఆ ఒక్క మాటను పదకొండేళ్లు సాక్ష్యంగా వాడాను. బండ్లు నిలబడే చోట చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, అతనికి పని ఇవ్వబోయినవాళ్ల ఇంటికి వెళ్లి మరీ చెప్పాను. "ముందుకే నెట్టానని వాడే అంటున్నాడు కదా, ఇంకేం కావాలి?" అనేవాణ్ణి. అతను మళ్లీ ఏ బండీ ఎక్కలేదు.

ఈ మధ్యలో నా బండి మీదికి నలుగురు డ్రైవర్లు వచ్చి వెళ్లారు. మూడోవాడు దిగి వచ్చి, "సార్, మీ బండి తిరగేసి ఉంది" అన్నాడు. "నీ బుర్ర తిరగేసి ఉంది, తాళం అక్కడ పెట్టి పో" అన్నాను. ఆ తర్వాత, ఈ బండి నా ఒక్కడి మాటే వింటుందని గొప్పగా చెప్పుకున్నాను. నిజంగానే నా ఒక్కడి మాటే వినేది.

మార్చి రెండో తేదీ సోమవారం నా కూతురు పెరట్లో ఇటుక ముక్కలు ఎత్తిపెడతానని వచ్చింది. ఆమె చెత్త వేరుచేసే యార్డులో ఇలాంటి బండే నడుపుతుంది. ఎక్కి కూర్చుని మీటను ఒక్కసారి ముందుకు నెట్టింది. వెంటనే బకెట్ నేలకు దించి, ఇంజను ఆపేసి, స్క్రూడ్రైవర్‌తో మీట పక్కన రంగు గీకింది. చీటీ బయటపడింది. దాని వైపు చూసింది, పైపుల వైపు చూసింది.

"నాన్నా, ఇవి బిగించింది ఎవరు?"

నేనేనని అన్నాను. ఆమె స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంది. తర్వాత, "మామయ్య ముందుకే నెట్టాడని నువ్వే కదా అందరికీ చెప్పావు" అంది.

ఇటుకల మీదే కూలబడ్డాను. ఆమె నీళ్లు తెచ్చింది. పది నిమిషాల్లో పైపులు విప్పి, సరిచేసి బిగించింది. పదకొండేళ్ల తప్పు పది నిమిషాల పని. ఇప్పుడు ఆ బండిని సరిగ్గా నడపలేనివాణ్ణి నేనొక్కణ్ణే. నా చెయ్యి ఇంకా వెనక్కే లాగుతోంది.

కాబట్టి ప్రకటిస్తున్నాను. నా వేళ్లు పోవడానికి నా బావమరిది కారణం కాదు. అతను చెయ్యవలసింది చెయ్యవలసినట్టే చేశాడు. పైపులు తారుమారు చేసింది నేను. నడుస్తున్న ఇంజను ముందు చెయ్యి పెట్టిందీ నేనే.

2. నా భార్య గురించి. ఆమెకు ఇప్పుడు నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు. తమ్ముడింటికి వెళితే తిరిగి ఈ గడప తొక్కవద్దని ఆమెతో అన్నాను. ఏడేళ్లు వెళ్లలేదు. నాలుగేళ్ల కిందట చనిపోయింది. ఆ రోజు అతను గేటు దాకా వచ్చాడు. లోపలి నుంచి గొళ్లెం పెట్టింది నేనే. ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు, నేను చూడలేదు.

డ్రైవరు సీటు కోసం ఆమె రెండు మెత్తలు కుట్టింది. ఒకటి అరిగిపోయింది. రెండోది, నీలం గుడ్డది, ఆమె బట్టల పెట్టె అడుగున దొరికింది. అతని కొలతకు కుట్టింది. నాకంటే సన్నగా ఉంటాడు. దాన్ని నేను చనిపోయేదాకా ఉంచుకోకుండా నిన్ననే అతనికి పంపించేశాను. అందుకే అది ఈ జాబితాలో లేదు.

3. ఈ అంశం కింద రాసినదాన్ని కొట్టేశాం. ఎందుకో పదో అంశంలో ఉంది.

4. రెండు గదుల ఇల్లు, వెనక రేకుల షెడ్డు, పెరడు నా కూతురికి. ఆమె భర్త మంచివాడే. అతనికి బండి నడపడం చేతకాదని నేను నలుగురిలో చాలాసార్లు నవ్వాను. అతను దవడ తెరవబోతే మూసుకునేది, అదీ సంగతి. అల్లుడికి నా చేతి టార్చిలైటు, వానకోటు. క్షమించమని నోటితోనే అడిగాను. "పోనీలెండి మామయ్యా, నేనూ నాకు రాదనే అనుకున్నాను" అన్నాడు.

5. బండి, దాని ముందు బకెట్, వెనక చెయ్యి కూడా నా కూతురికే. ఆమెకు నేను నేర్పేది లేదు. ఆమె తర్వాత ఎక్కేవాళ్ల కోసం ఇవి రాయిస్తున్నాను. దవడ మూసి ఉంటే అది మామూలు బకెట్: మట్టి ఎత్తు, నేలకు దగ్గరగా పట్టుకుని నడువు. దవడ పూర్తిగా తెరిస్తే వెనక ముక్క పలకలా పనిచేస్తుంది: మట్టిని ముందుకు తొయ్యి, కానీ బండరాయిని గుద్దకు. కొంచెం తెరిచి వెనక్కి నడిపితే నేల చదునవుతుంది. దుంగనో స్తంభాన్నో దవడతో పట్టుకోవాలంటే సరిగ్గా మధ్యలో పట్టు, ఎక్కువ ఎత్తకు. ఏదైనా ఇరుక్కుంటే ముందు బకెట్ నేలకు దించు, ఇంజను ఆపు, మీటను రెండు వైపులా ఆడించి పైపుల్లో ఒత్తిడి పోనివ్వు. అప్పుడు కూడా చేత్తో కాదు, గడ్డపారతో తియ్యి. పైపులు మారిస్తే ఒక్కోటే విప్పు. బిగించాక, ఎటు నెడితే ఎటు కదిలిందో ఇద్దరు చూడాలి. ఒకరు చాలరు.

6. నా స్పానర్ల పెట్టె గ్రీజు మేస్త్రికి. ఆ ఆదివారం రాలేదన్న కోపంతో ఆయన్ని మళ్లీ పిలవలేదు. పిలిచి ఉంటే మొదటి సర్వీసుకే ఇది బయటపడేది. పద్దెనిమిదో నంబరు స్పానరు అందులో ఉండదు. పైపులు విప్పింది దానితోనే. బావిలో పారేశాను. పిల్లచేష్టే, ఒప్పుకుంటాను. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆయనదే. అడిగితే, "నాకెందుకు సార్ ఈ గొడవ" అంటూనే ఒప్పుకున్నాడు.

7. మేం 'గడియారం' అని పిలిచే సైటు సూపర్‌వైజరుకు నా గోడ గడియారం. నేను నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చానని అందరి ముందూ నిలబెట్టినవాడు. గడియారం కూడా నాలుగు నిమిషాలు వెనక నడుస్తుంది, సరిచెయ్యకుండా ఇవ్వాలి. అంతకంటే ముఖ్యమైన సంగతి: ప్రమాదం కాగితంలో 'డ్రైవర్ అజాగ్రత్త' అని రాసింది ఈయనే. బండెక్కి చూడలేదు, నా మాట విని రాశాడు. ఆ మాట కొట్టెయ్యమని అర్జీ పెట్టాను. నేను పోయేలోగా కొట్టెయ్యకపోతే, మేస్త్రి వెంటపడి కొట్టేయించాలి. అప్పటిదాకా గడియారం ఇవ్వకూడదు.

8. ఒకటో అంశాన్ని బండ్లు నిలబడే చోట, పొద్దున డ్రైవర్లందరూ టీ తాగే వేళ, గట్టిగా చదవాలని మొదట రాయించాను. నా కూతురు విని, "చచ్చాక చదివిస్తావా? ఆయనా అంతదాకా ఆగాలా?" అంది. నిన్న పొద్దున నేనే వెళ్లి చెప్పాను. కాగితం చూడకుండానే చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు గ్లాసులు కింద పెట్టేశారు. నేను పోయాక కూడా ఒకసారి చదవాలి, నిన్న రానివాళ్లు ఉన్నారు.

9. బావమరిది ఇప్పుడు తాళంచెవులు చేసే చిన్న దుకాణంలో కూర్చుంటాడు. మూడో తేదీ మంగళవారం అక్కడికి వెళ్లాను. ఆకురాయితో ఒక తాళంచెవిని అరగదీస్తున్నాడు. నేను చెప్పింది మొత్తం విన్నాడు. తాళంచెవిని పక్కన పెట్టి, తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు.

"ముందుకెళ్లిందో వెనక్కొచ్చిందో అని రోజూ ఆలోచించేవాణ్ణి బావా" అన్నాడు. "అయిదారేళ్లకి, నువ్వన్నట్టు మూసే వైపే నెట్టానేమోనని ఒప్పేసుకున్నాను. అక్కకి ఫోన్ చేసి కూడా అదే చెప్పాను. తప్పు నాదే, నువ్వు బావని ఏమీ అనకని."

ఆమె నాకు ఆ కబురు చెప్పలేదు. నేను చెప్పనిచ్చేవాణ్ణి కాదు. చెయ్యని తప్పును అతను ఒప్పుకునేదాకా తీసుకొచ్చానని నాకు ఆ దుకాణంలో నిలబడి ఉండగా తెలిసింది.

10. మూడో అంశంలో బండిని అతనికే రాశాను. ఈ ఉదయం చదివి వినిపించడానికి అతన్ని పిలిపించాను. గేటు తీసి పెట్టాను. వచ్చాడు, కుర్చీ అంచున కూర్చుని విన్నాడు. సాక్షులు ఎవరని అడిగాడు. డాక్టరు, ఎదురింటి టైలరు అని చెప్పాం. తనే సాక్షిగా ఉంటానన్నాడు. దస్తావేజులు రాసే ఆయన అడ్డుపడి, లబ్ధి పొందే మనిషి సాక్షిగా సంతకం చేస్తే ఆ లబ్ధి చెల్లదని, రెండింటిలో ఒకటే ఎంచుకోవాలని చెప్పాడు.

"అయితే బండి కొట్టెయ్యండి" అన్నాడు. "ఆ మొదటి అంశం ఉన్న కాగితం మీద నా సంతకం ఉండాలి."

నేను బతిమాలాను. నా కూతురు కూడా, "నేను వేరేది చూసుకుంటాను మామయ్యా, తీసుకోండి" అంది. "ఆ సీటు ఇక నీదేనమ్మా" అన్నాడు. టైలరును వెనక్కి పంపించాం. మూడో అంశం కొట్టేసి, బండిని అయిదో అంశంలో నా కూతురికి చేర్చాం. కొట్టేసిన గీత పక్కన నా సంతకం ఉంది.

ఇంతకు మించి నేను ఎవరికీ ఇచ్చేది లేదు. పై అంశాలన్నీ నాకు చదివి వినిపించారు. నేను చెప్పినవే.

తేదీ: 2026 మార్చి పదకొండు, బుధవారం, పగలు పదకొండున్నర గంటలు.

వీలునామా కర్త సంతకం: (కుడిచేత్తో చేసినది)

మొదటి సాక్షి: డాక్టరు. కర్త నా ఎదుట, తెలివిలో ఉండి సంతకం చేశారు.

రెండో సాక్షి: కర్త భార్యకు తమ్ముడిని, తాళంచెవుల పని. కర్త నా ఎదుట సంతకం చేశారు. దీనివల్ల నాకు చెందేది ఏమీ లేదని తెలిసి, పై ప్రతి కాగితం మీదా నేను కూడా సంతకం చేశాను. ఒకటో అంశం ఉన్న కాగితం మీద రెండుసార్లు చేశాను.