నిలబడి తిరిగిన ఇంజను

3 జూన్ 2004, గురువారం

మొదటిసారి నాయనను సొంత కారులో అనంతపురం ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చాం. డయాలసిస్ అయ్యాక వెనక సీట్లో కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. ఇన్నాళ్ళూ ప్రతి సోమవారం, గురువారం బస్సులో వాంతులు చేసుకుంటూ మా ఊరు యాడికికి తిరిగొచ్చిన మనిషి. నాకు ఏడుపొచ్చింది. సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి అయితేనేం.

ఈయన మాత్రం ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఒకటే మాట. ఇంజను మీద చెయ్యి పడలేదప్పా, కంపెనీ ఫిట్టింగు అట్లే ఉండాది అని. కట్టుకున్న నన్ను ఎవరి ముందరా ఇంతగా పొగిడింది లేదు.

6 జూన్, ఆదివారం

కారు కడిగాను. పైకప్పు మీద బోల్టులు దిగిన రంధ్రాలు. లప్పం పెట్టి రంగేశారు. వెనక అద్దం మీద స్టిక్కర్లు గీకిన జిగురు. ఎడమ తలుపు మీద సొట్ట. గుర్తుపట్టేశాను. ఏప్రిల్ అంతా మా కిటికీ ముందర ఆగి చెవులు హోరెత్తించిన ఎలక్షన్ మైకు బండి ఇదే!

అప్పుడు డ్రైవరుతో పోట్లాడాను కూడా. మైకు సంగతి సరే, ఇంజనైనా ఆపు, పొగంతా వంటింట్లోకి వస్తోంది అన్నాను. ఆపితే మైకుకు బ్యాటరీ దిగిపోతాదక్కా అన్నాడు. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా ఇంజను అట్లా నిలబడే తిరిగింది. ఆ తిరుగుడు మీటరులో ఎక్కదు కదా?

7 జూన్, సోమవారం

అనంతపురం వెళ్ళి వచ్చాం. దారంతా ఇంజను శబ్దమే వింటూ కూర్చున్నాను.

8 జూన్, మంగళవారం

ఆయిల్ మార్పించడానికి ఈయన తాడిపత్రి పోతుంటే నేనూ వెళ్ళాను. ఇంజనులో టైమింగ్ బెల్ట్ అని ఒకటుంటుందని, వాల్వులను సమయానికి తెరిచి మూసేది అదేనని మెకానిక్ షఫీవుల్లా చెప్పాడు. అది తెగితే? బండి యాడిదాడ నిలబడిపోతాది, వాల్వులు వంగిపోతాయి, ఇంజనంతా విప్పాల్సిందే అన్నాడు. అయితే మార్చమన్నాను. బుక్కులో అరవై వేల కిలోమీటర్లకని ఉండాది, మీటరు నలభై దాటలేదు, ఇప్పుడెందుకమ్మా అన్నాడు. మైకు సంగతి చెప్పాను. నవ్వాడు. ఈయనా నవ్వాడు. ఇంజను విప్పితే బండికి విలువ పోతాది, నీకేం తెలుసు రేఖా, ఊరుకో అన్నాడు.

నాకు తెలిసింది ఒక్కటే. దారిలో ఆ బెల్ట్ తెగితే చెట్టు కూడా లేని చోట నాయన ఎండలో పడి ఉంటాడు. ఒక్క విడత తప్పినా ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు.

ఇంటికొచ్చాక మా గొడవ నాయన విన్నాడు. నాకోసరం మీరు కొట్లాడొద్దండి, ఆసుపత్రికి పొయ్యేది మానేస్తా, ఇంక చాలు అన్నాడు. ఈ మధ్య ఈ మాట తరచుగా అంటున్నాడు. తిట్టాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

9 జూన్, బుధవారం

విప్పించాను!

బెల్ట్ చూడందే రేపు నాయనను ఆ బండి ఎక్కించనని పట్టుపట్టి కూర్చున్నాను. ఈయన సణుగుతూనే మళ్ళీ తాడిపత్రి తీసుకెళ్ళాడు. ఉత్త బెల్ట్ పైన కవరు తీసి చూస్తాం అన్నా, అమ్మకు నెమ్మదైతాది అని షఫీవుల్లా ఈయనకు నచ్చజెప్పాడు. తీశాడు. ఇద్దరూ వంగి చూశారు. బెల్ట్ నిండా పగుళ్ళు. షఫీవుల్లా గోటితో తాకితే రెండు పళ్ళు ఊడి చేతికొచ్చాయి. అల్లా కాపాడినాడమ్మా, రేపు ఇది అనంతపురం చేరేది కాదు అన్నాడు.

ఈయన మొహం చూడాలి. కొత్త బెల్ట్ వేయించేదాకా అక్కడి నుంచి కదలలేదు. తిరిగొస్తూ, ఆ పొద్దు డ్రైవరుతో నువ్వు కొట్లాడిందే మేలైంది అన్నాడు. పెళ్ళయ్యాక నా నోటిని మెచ్చుకోవడం ఇదే మొదలు. హమ్మయ్య. కడుపునిండా అన్నం తిన్నాను.

10 జూన్, గురువారం

కొత్త బెల్ట్ ఎన్నాళ్ళొస్తాదని దారిలో నాయన అడిగాడు. ఐదేండ్లు ఢోకా లేదు మామా అన్నాడు ఈయన. నాయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు తాడిపత్రి బజారులో కారు ఆపమన్నాడు. చెప్పులు కొనుక్కున్నాడు. బాగా మన్నేవి చూపించమన్నాడు.