బావ గొంతు

అక్కా,

ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. కంగారుపడకు.

నువ్వు శిక్షణకని ఊరెళ్ళాక, మా చిత్రకారుల ప్రదర్శనలో నేనొక చీకటి గది కట్టాను. అందులో సినిమాహాలు కుర్చీ ఒక్కటే ఉంటుంది. కూర్చోగానే పాత సినిమా హీరోల డైలాగులు మన నాయకుడి గొంతుతో వినిపిస్తాయి, వెనక ఈలలు, చప్పట్లు. తెర మీద హీరోకి కొట్టిన చప్పట్లే మనల్ని ఏలేవాడికీ కొడుతున్నామని చెప్పాలనుకున్నాను. ఆ గొంతు బావదే. మిమిక్రీలో ఆయనకు ఆయనే సాటి కదా.

ఒకరోజు నాయకుడే వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. మా పని అయిపోయిందనుకున్నాం. ఆయన విరగబడి నవ్వి, మళ్ళీ పెట్టించుకుని విన్నాడు.

"నాకంటే నువ్వే బాగా మాట్లాడుతున్నావయ్యా!" అంటూ, అక్కడే ఉన్న బావ భుజం తట్టాడు.

మర్నాడే బావని తీసుకెళ్ళడానికి ఆయన కారు వచ్చింది. నాయకుడికి గొంతు పోయిందట. ఇప్పుడు సభల్లో ఆయన పెదవులు కదుపుతాడు, బావ వేదిక వెనక నుంచి మాట్లాడతాడు. నిన్న సభకి వెళ్ళి చూశాను. జనం ఊగిపోయారు. నా గదిలో విన్న ఈలలే.

సభయ్యాక వేదిక వెనక గదిలోకి వెళ్ళి, "ఇంక చాలు, ఇంటికి పోదాం బావా" అన్నాను.

బావ గుమ్మం దగ్గరున్న మనుషుల వైపు చూశాడు. "పోనిస్తారట్రా? మీ అక్కది సర్కారు ఉద్యోగం, మర్చిపోయావా?" అన్నాడు గుసగుసగా.

ఎవరికి చెప్పుకోవాలో తోచడం లేదక్కా. గొంతు అరిగిపోతుందని సభల్లో తప్ప బావని నోరు విప్పనివ్వడం లేదు. నువ్వు బావకి ఫోన్ చెయ్యి. బదులు రాకపోయినా పెట్టెయ్యకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. ఆయన వింటాడు.

నీ తమ్ముడు