ఎండిన ఎర్తు గుంత

జనగామ, మే 2012, ఆదివారం

ఇప్పుడే కరెంటు వచ్చింది, రాయడానికి కూర్చున్నాను.

పొద్దున సునీత వాషింగ్ మిషన్‌లో బట్టలు వేస్తూ చేయి వెనక్కి లాక్కుంది. "బాపూ, మిషన్ ముట్టుకుంటే జివ్వుమంటాంది!"

"చెప్పులేసుకో బిడ్డా" అన్నాను, పేపరు దించకుండానే.

"చెప్పులేసుకుంటే మిషన్ మంచిగయితదా?" అంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. కడుపుతో ఉంది, ఏడో నెల. అప్పుడు లేచాను.

మీటరు పక్కన, కరెంటు లీకయితే లైను ఆపేసే ట్రిప్పర్ మీది టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది. అది బాగానే ఉంది. తర్వాత సాకెట్‌లో ఫేజుకూ ఎర్తుకూ మధ్య టెస్ట్ బల్బు పెట్టాను. బల్బు వెలగలేదు, ట్రిప్పర్ కూడా పడలేదు. అంటే ఎర్తు అందడం లేదు, లీకయిన కరెంటు భూమిలోకి పోవడం లేదు.

పెరట్లో ఎర్తు తీగ పాతిన గుంత ఎండి నెర్రెలు బారింది. ఎండాకాలమంతా సునీత వాళ్లమ్మ కమల బియ్యం కడిగిన నీళ్లు అందులోనే పోసేది. ఆమె పోయాక నేను ఒక్క చెంబు పోయలేదు. ఇవాళ బకెట్లతో పోశాను. మట్టి నానాక మళ్లీ బల్బు పెడితే వెంటనే ట్రిప్పర్ పడింది. అయినా మెకానిక్ చూసేదాకా మిషన్ ముట్టవద్దని సునీతకు చెప్పాను.

"అమ్మకు గూడ గిట్లనే షాక్ కొట్టేదా?" అని అడిగింది.

కొట్టేది. కమల చెప్పింది, ఒకసారి కాదు. తెలంగాణ రానీ, అన్నీ బాగుచేయిద్దామని నవ్వి దీక్షా శిబిరానికి వెళ్లిపోయేవాణ్ణి. గుంతలో నీళ్లు పోయాలని ఆమె ఎవరిని అడిగి తెలుసుకుందో కూడా నాకు తెలియదు.

"లేదు బిడ్డా" అన్నాను.

"గంతేలే. కొడితే నువ్వు ఊకుంటవా?" అంది సునీత.