పంటకు కాదు, నెలకు

బ్రాడీపేట, గుంటూరు
18-7-2009

చిరంజీవి యలమందకు అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నీ కూతురూ కులాసా.

అఖిల చదువు లోను రాలేదు. నిన్న దాన్ని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లాను. పాత బాకీలతో బ్యాంకుల్లో చెడిన నీ పేరు బాగుపడాలనే కదా, నా డిపాజిట్టు హామీ పెట్టి నీకు క్రెడిట్ కార్డు ఇప్పించాను! నువ్వు దానిమీద పురుగుమందులు కొని, మిర్చి అమ్మాక వడ్డీతో సహా ఒక్కసారే కట్టావు. యార్డులో అలా కట్టినవాడు పెద్దమనిషి. ఆ మాటే మేనేజరుతో అన్నాను.

"మీవాడు ఎగ్గొట్టలేదు మామ్మగారూ, ఆలస్యం చేశాడు. రికార్డులో నెలనెలా ఆలస్యమనే పడింది" అన్నాడు.

"పంట రాందే డబ్బెక్కడిదయ్యా?"

"కార్డుకు పంటలుండవండీ, నెలలే."

నీ పేరు మునుపటికంటే చెడిందట, దాంతో దానికి లోను ఇవ్వమన్నారు. ఈ ఏడు దాని కాలేజీ సీటు పోయినట్టే. అఖిల సర్టిఫికెట్లు సంచిలో సర్దుకుంటూ, "నాన్నను ఏమీ అనకు నానమ్మా" అంది. అందుకే తిట్టడం లేదు.

ఇకమీదట కార్డు మీద ఇంటి సరుకులే కొను. పాలడబ్బు పక్కన పెట్టి, గడువుకు ముందే ప్రతి నెలా మొత్తం కట్టు. ఇలా ఏడాదైనా నడిస్తేగాని మళ్లీ లోను అడగడానికి లేదు.

గేదె ఈనిందా? పత్తి సాళ్లలో ఖాళీలుంటే మళ్లీ గింజ పెట్టించు. కోడలి మోకాలి నొప్పి ఎలా ఉంది?

సోమవారం నుంచి అఖిల ఒక బట్టలకొట్లో బిల్లులు రాయడానికి వెళుతుంది. దాని పుస్తకాలు ఎవరడిగినా ఇవ్వకండి.

మీ ఇద్దరికీ దీవెనలు.

అమ్మ,
సుబ్బరావమ్మ